262 మెగాహెర్ట్జ్ దగ్గర నా గోళానికి ఏమైంది?

ప్రశ్న: సార్, మీటరు వ్యాసం ఉన్న లోహపు గోళం మీద రాడార్ తరంగం పడి ఎలా చెదురుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం రాశాను. గోళపు సగం అంచు గీతను ముక్కలు చేసి, విద్యుత్ క్షేత్ర సమీకరణాన్ని మూమెంట్ పద్ధతిలో (సమీకరణాన్ని మాత్రికగా మార్చి) సాధిస్తున్నాను. 1908లో గుస్టాఫ్ మీ (Mie) అనే భౌతిక శాస్త్రవేత్త ఇచ్చిన కచ్చితమైన సాధనతో చక్కగా కలుస్తోంది, ఒక్క 262 మెగాహెర్ట్జ్ దగ్గర తప్ప. అక్కడ ఉపరితలం మీద కరెంటు విపరీతంగా పెరిగిపోతోంది. ఉపరితలాన్నంతా చిన్న త్రిభుజాలుగా విడగొట్టే మెష్‌కి మారిపొమ్మంటున్నారు. మారాలా? – ఎం.టెక్. విద్యార్థిని, వరంగల్

జవాబు: మారకండమ్మా. మీ కోడ్‌లో బగ్ లేదు, ఉన్న చిక్కంతా సమీకరణంలోనే.

గోళం చుట్టుకొలత 3.1416 మీటర్లు. 262 దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 1.145 మీటర్లు. భాగిస్తే 2.744 వస్తుంది. లోపల డొల్లగా ఉన్న లోహపు గోళం మొట్టమొదట అనునాదం (రెజొనెన్స్) చెందేది సరిగ్గా అక్కడే. మీ గోళం గట్టిదే కావచ్చు, కానీ ఉపరితలం మీద స్పర్శరేఖ దిశలో విద్యుత్ క్షేత్రం సున్నా అనడం తప్ప ఆ సమీకరణానికి ఇంకేమీ తెలియదు. లోపలేదో బయటేదో దానికి తేడా లేదు. అనునాదం దగ్గర, బయటి తరంగం లేకుండానే ఆ షరతును తీర్చే కరెంటు ఒకటి ఉంటుంది. దాన్ని ఎంత కలిపినా సమీకరణం కాదనదు. నేనూ మొదట్లో మూడు వారాలు ముక్కలు సన్నం చేస్తూ పోయాను. చెడిన పట్టీ ఇరుకైంది కానీ పోలేదు.

ఈ దొంగ కరెంటు బయటికి ప్రసరించదు. అందుకే రాడార్ క్రాస్ సెక్షన్ (వస్తువు రాడార్‌కు ఎంత పెద్దగా కనిపిస్తుందో చెప్పే కొలత) ఒక్కటే చూసేవాళ్లకు ఇది దొరక్కపోవచ్చు. మీరు కరెంటు గీసి చూశారు, అది చాలా మంచి అలవాటు.

త్రిభుజాలకు మారినా ఇదే అనునాదం వెంట వస్తుంది, పైగా ఖర్చు. సారె మీద కుమ్మరి చెంబుకు అంచు ఒకచోట దిద్దితే చుట్టూ దిద్దినట్టే కదా, మీ పద్ధతి బలమూ అదే. వ్యాసం పది తరంగదైర్ఘ్యాలైతే త్రిభుజాల్లో తెలియని రాశులు లక్ష దాటతాయి, మాత్రికకే 160 గిగాబైట్ల పైన కావాలి. మీ పద్ధతిలో ఒక్కో ఫూరియర్ మోడ్‌కు (అక్షం చుట్టూ కరెంటు మారే ఒక్కో తీరుకు) మూడు వందల చిల్లర, మాత్రిక ఒకటిన్నర మెగాబైటు. అలాంటివి ముప్ఫై అయిదు దాకా, దేనికది విడిగా. తరంగం అక్షం వెంట వస్తే ±1 మోడ్‌లు చాలు.

చేయాల్సింది ఇది: అయస్కాంత క్షేత్ర సమీకరణాన్ని 377 ఓమ్‌లతో (శూన్యపు ఇంపిడెన్స్) గుణించి, తగిన వెయిట్‌తో మీ సమీకరణానికి కలపండి. విడివిడిగా రెండూ అవే ఫ్రీక్వెన్సీల దగ్గర చెడతాయి, కలిపితే చెడవు. ఇలా గీతను అక్షం చుట్టూ తిప్పితే వచ్చే వస్తువులకే మౌట్జ్, హారింగ్టన్ అనే పరిశోధకులు 1978లో చేసి చూపించారు. మూసి ఉన్న ఉపరితలాలకే సుమా, గరాటు లాంటివాటికి పనికిరాదు.

మార్చాక 262తో ఆగకండి. తర్వాతి అనునాదం ఆ భాగఫలం 3.870 అయినప్పుడు, అంటే 369 మెగాహెర్ట్జ్ దగ్గర. దాని చుట్టూ చిన్న చిన్న అడుగులతో రన్ చేసి, కరెంటు మళ్లీ గీసి చూడండి.