పత్రికా విలేకరిగా చేరితే జీవితం ఎలా గడుస్తుంది?

డిగ్రీ అయ్యాక విలేకరిగా చేరదామనుకుంటున్నానని, ఆ జీవితం ఎలా ఉంటుందని అడిగారు. నేను విలేకరిని కాదు, విలేకరి కూతుర్ని. ఇంట్లోంచి చూసింది చెబుతాను.

మా నాన్న 1988లో చోడవరంలో కంట్రిబ్యూటర్‌గా, అంటే పత్రిక ఉద్యోగి కాకుండా ఊరి నుంచి వార్తలు పంపే విలేకరిగా మొదలుపెట్టారు. అప్పట్లో వార్త కాగితానికి ఒకవైపే రాసి, కవర్లో పెట్టి, విశాఖ బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. విశాఖ బస్టాండు కాంప్లెక్స్‌లో పత్రికాఫీసు కుర్రాడు అందుకునేవాడు. బస్సు తప్పితే ఆ రోజుకి వార్త లేనట్టే. సాయంత్రం నాలుగు దాటితే నాన్నను పలకరించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

జీతం లేదు, లైన్ ఎకౌంట్. అచ్చయిన వార్తలు కత్తిరించి, కాగితాలకు అంటించి, ఎన్ని సెంటీమీటర్లో కొలిచి నెలాఖరుకు పంపాలి. కొలిచే పని నాది, జామెట్రీ బాక్సులో స్కేలుతో. నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఒకసారి ప్రతి హెడ్డింగుకూ అర సెంటీమీటరు కలిపేశాను. నాన్న పట్టుకుని నెలంతా మళ్లీ కొలిపించారు! ఆ వచ్చేది టీలకు, బస్సు చార్జీలకు సరి. ఇల్లు నడిచింది అమ్మ టీచరు జీతంతో.

1974లో విశాఖలోనే పుట్టిన ఈనాడు, 1989లో జిల్లా పేజీలను విడిగా చిన్న పత్రికలా ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఊళ్లో బోరు చెడినా వార్తే అయింది. నాన్న లాంటివాళ్లకు పని పెరిగింది, కొన్నేళ్లకు స్టాఫ్ రిపోర్టరై విశాఖ వచ్చేశాం.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను రోజు. సీతమ్మధారలో మా కిటికీ అద్దాలన్నీ పగిలాయి. గాలి కాస్త తగ్గగానే నాన్న చెట్లు దాటుకుంటూ నడిచి కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లిపోయారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని నోట్‌బుక్కులో చనిపోయినవాళ్ల పేర్లు సరిచూసుకుంటున్నారు. ఇంటిపేరు తప్పుపడితే రేపు నష్టపరిహారం కోసం ఆ కుటుంబమే తిరగాలి అన్నారు. "మీ ఇంటి కిటికీలు ఎన్ని పోయాయో తెలుసా?" అంది అమ్మ.

చేరే ముందు ఒకటి అడగండి: కంట్రిబ్యూటర్‌గానా, స్టాఫ్‌గానా? నెలజీతం, పీఎఫ్ అన్నీ ఆ తేడాలోనే ఉంటాయి. మీ ప్రశ్న నాన్నకు చదివి వినిపిస్తే "చేరమను" అన్నారు. అమ్మను అడగలేదు.