శనివారం ఆ స్కూల్‌కి వెళ్లేముందు

చిన్నీ,

శనివారాలు ఆ హైస్కూల్ పిల్లలకు చదువులో సాయం చేస్తానని ఒప్పుకున్నావట, అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! డాలస్‌లో కొన్నేళ్లుగా నేను చేస్తున్నది ఇదే కాబట్టి కొన్ని సంగతులు ముందే చెప్పేస్తా.

మొదటి రోజే పుస్తకం తెరవకు. ఏ కాలేజీకి వెళ్లాలనుంది, ఏం చదవాలనుంది అని అడిగి, ఆ కాలేజీ ఏ క్లెప్ పరీక్షకు ఎన్ని క్రెడిట్లు (డిగ్రీ పూర్తవడానికి కూడబెట్టాల్సిన లెక్క) ఇస్తుందో ఇద్దరూ కలిసి వాళ్ల సైట్‌లోనే చూడండి. క్లెప్ అంటే, కాలేజీలో ఆ క్లాసు చదవకుండానే పరీక్ష రాసి పాసై ఆ క్రెడిట్లు తెచ్చుకోవడం. నేను మొదట్లో అది చూడలేదు. ఒకమ్మాయి సాయంత్రాలు దుకాణంలో పనిచేస్తూనే మూడు నెలలు చదివి పాసైంది, తీరా చూస్తే తను తీసుకున్న డిగ్రీలో ఆ సబ్జెక్టు లెక్కలోకే రాలేదు. తప్పు నాది, ఇప్పటికీ బాధే.

క్లెప్ పరీక్షలు 34 ఉన్నాయి. స్కోరు 20 నుంచి 80 దాకా, చాలా కాలేజీలకు 50 వస్తే చాలు. ఫీజు దాదాపు వంద డాలర్లు, కానీ మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ వాళ్ల ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేస్తే ఫీజుకు వోచర్ ఇస్తుంది, కోర్సూ ఉచితమే. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలుంటే మాత్రం ముందు స్పానిష్ పరీక్షే చూపించు. మనింట్లో తెలుగులా వాళ్లకది అమ్మ నేర్పిన భాష, దానికి 6 క్రెడిట్లు, స్కోరు బాగుంటే 9 కూడా ఇచ్చే కాలేజీలున్నాయి. ఇంట్లో మాట్లాడే మాటకి కాలేజీలో విలువుందని తెలిసినప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి నువ్వు! చదవడం, వ్యాకరణం మాత్రం కాస్త ప్రాక్టీసు చేయించాలి.

డ్యూయల్ క్రెడిట్, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసు తీసుకుని రెండింటికీ క్రెడిట్ తెచ్చుకోవడం, దాని సంగతి వేరు. టెక్సస్‌లో 2023లో ఫాస్ట్ అనే పథకం వచ్చింది, గత నాలుగేళ్లలో ఎప్పుడైనా స్కూల్లో ఉచిత లేదా తగ్గింపు భోజనానికి అర్హత ఉన్న పిల్లలకి, ఆ పథకంలో చేరిన కాలేజీల్లో ఈ క్లాసులకు డబ్బు కట్టక్కర్లేదు. దీని గురించి స్కూల్ కౌన్సెలర్‌ని పిల్లలు అడగరు, మొహమాటం, నువ్వే వెంట వెళ్లి అడిగించు. ఒక్కటి గుర్తుంచుకో, అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో ఉండిపోతుంది, ఫెయిలైనా సరే. అందుకే పనికెళ్లే పిల్లలతో మొదటి సెమిస్టర్‌లో ఒకే క్లాసు తీసుకోమంటాను.

ఉచితం అంటే తల్లిదండ్రులు నమ్మరు, ఎక్కడో మోసం ఉందనుకుంటారు. ఓపిగ్గా వాళ్లతోనూ మాట్లాడు.

శుక్రవారం రాత్రి ఫోన్ చెయ్యి, ఆ దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ ఏ పరీక్షలకు క్రెడిట్లు ఇస్తుందో ఆ జాబితా మనిద్దరం కూర్చుని చూద్దాం.

పిన్ని