ఈసీ క్లీన్‌గా ఉంటే ప్లాటు కొనేయొచ్చా?

ప్రశ్న: మేం చిత్తూరులో ఉంటాం. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 32 లక్షలు పెట్టి రేణిగుంట దగ్గర ప్లాటు కొనాలనుకుంటున్నాం. అమ్మే ఆయన తీసుకొచ్చిన డాక్యుమెంట్ రైటర్ 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి అంతా క్లీన్ అన్నారు. ఓక్లహోమాలో ఉన్న మా అల్లుడేమో, అక్కడ ఆస్తుల పాత రికార్డులు వెతికేవాళ్లకు లైసెన్సు ఉండాలి, ఈయనకు ఉందా అని అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అల్లుడుగారు అడిగింది సరైన ప్రశ్నే. ఓక్లహోమాలో అలా వెతికే అబ్‌స్ట్రాక్టర్లకు లైసెన్సులివ్వడానికి ఒక బోర్డే ఉంది (అమెరికా అంతటా అలా లేదు లెండి). మన దగ్గర టైటిల్ (యాజమాన్య హక్కు) వెతకడానికంటూ విడిగా లైసెన్సు లేదు. అడ్వకేట్ల చట్టం, 1961 కింద బార్ కౌన్సిల్‌లో నమోదైన లాయరు సంతకం పెట్టి ఇచ్చే లీగల్ ఒపీనియనే మనకు ఆధారం. రైటర్ దస్తావేజు చక్కగా రాస్తారు, కాదనను. కానీ టైటిల్‌కు ఆయన నోటిమాట పూచీ కాదు. పైగా ఆయన్ని తెచ్చింది అమ్మే మనిషి.

ఈసీలో కనిపించేది రిజిస్ట్రేషన్ అయిన లావాదేవీలే. రిజిస్టర్ చేయని వీలునామా, అమ్మే ఆయన అక్కచెల్లెళ్ల వాటా అందులో కనపడవు. తిరుపతి చుట్టుపక్కల ఇంకో తలనొప్పి ఉంది: మఠాల భూములు, దేవస్థానం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం అసైన్ చేసిన భూములు), చుక్కల భూములు. అందుకే ప్లాటు నంబరుతో ఆగకుండా, లేఅవుట్ వేయకముందున్న సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడాలి. పాత రెవెన్యూ రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందిగా అంటారు. అది లేఅవుట్‌కు ఇచ్చిన అనుమతి, యాజమాన్యానికి రుజువు కాదు.

కాబట్టి మీ తరఫున, మీరే ఫీజిచ్చి ఒక సివిల్ లాయర్ని పెట్టుకోండి. లింకు డాక్యుమెంట్లన్నీ (ఆ భూమి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) ఆయన చేతికివ్వండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్‌కే ధరలో 7.5 శాతం, అంటే దాదాపు 2.4 లక్షలు పోతుంది. దాని ముందు లాయరు ఫీజు ఎంతని?

ఆ ఒపీనియన్ తప్పయితే? లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కుట్ర ఉందని తేలకుండా, ఒపీనియన్ తప్పన్నంత మాత్రాన క్రిమినల్ కేసు నిలవదని 2012లోనే చెప్పింది. మిగిలేది బార్ కౌన్సిల్ ఫిర్యాదు, సివిల్ దావా. రిటైరైనవాళ్లు ఆ దావాల చుట్టూ తిరగగలరా?

అందుకే మీలాంటివాళ్లకు నేనిచ్చే సలహా కాస్త వింతగా ఉంటుంది: చేతిలో డబ్బున్నా, ఒక ఐదు లక్షలకు బ్యాంకు లోన్‌కు దరఖాస్తు పెట్టండి. బ్యాంకు తన ప్యానెల్ లాయరుతో టైటిల్ మళ్లీ చూపించుకుంటుంది. ఆ రిపోర్టు బ్యాంకు కోసమే, నిజమే. కానీ టైటిల్ బాగాలేదని వాళ్లు లోన్ ఇవ్వకపోతే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే. ఇస్తే, ఫ్లోటింగ్ వడ్డీ మీద తీసుకుని వీలైనంత త్వరగా కట్టేయండి.

ఈలోగా అడ్వాన్సు లక్ష దాటనివ్వకండి. టైటిల్ తేలకపోతే అది తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించండి. 'రేపు ఇంకో పార్టీ వస్తోంది' అన్నా టెన్షన్ పడొద్దు.

ఇంతకీ ఈ 32 లక్షలు మీ మొత్తం డబ్బులో ఎంత భాగమో రాయలేదు. సగం దాటుతుంటే మాత్రం, టైటిల్ ఎంత బాగున్నా ఇంకా చిన్న ప్లాటు చూసుకోమంటాను.