టెక్ సందేహాలు: వాషింగ్ మెషిన్ ఎన్నేళ్లు రావాలి? రిపేరా, కొత్తదా?

ఎండలు తగ్గి వానలు మొదలయ్యాక నాకు వచ్చే ప్రశ్నల్లో ఫోన్ల కంటే వాషింగ్ మెషిన్లవే ఎక్కువ. ఈ వారం వాటికే కేటాయిస్తున్నాను.

ఏడేళ్ల కిందట కొన్న 7 కిలోల ఫ్రంట్ లోడ్ మాది. ఇంట్లో ఐదుగురం, రోజూ వేస్తాం. బోరు నీళ్లే. కొన్ని నెలలుగా స్పిన్ మొదలవగానే గోడలు అదిరేంత మోత. మెకానిక్ వచ్చి, బేరింగులు పోయాయి, టబ్బు మొత్తం మార్చాలి, రూ.9,500 అవుతుందన్నాడు. “ఏడేళ్లు వచ్చిందంటే గొప్పే మేడమ్, కొత్తది తీసుకోండి” అని కూడా అన్నాడు. అలాంటిదే ఇప్పుడు 32 వేలుంది. అసలివి ఎన్నేళ్లు రావాలండీ? – ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

ఏడేళ్లు గొప్పేమీ కాదమ్మా. కాస్త బాగా చూసుకుంటే ఫ్రంట్ లోడ్ అయినా టాప్ లోడ్ అయినా పదేళ్లు రావాలి. ఈ-వ్యర్థాల లెక్క కోసం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాషింగ్ మెషిన్ సగటు ఆయుష్షును 9 ఏళ్లుగా తీసుకుంది. అది సగటు మాత్రమే. పన్నెండు, పదిహేనేళ్లు నడిచేవీ ఉంటాయి.

అయితే ఏళ్లు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. పాత కారు కొనేటప్పుడు ఏ సంవత్సరం మోడలో చూసి ఊరుకోం కదా, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాం. ఇక్కడా అంతే. ఇద్దరే ఉండి వారానికి మూడుసార్లు వేసే ఇంట్లో ఏడేళ్లకు దాదాపు 1,100 లోడ్లు పడతాయి. రోజూ వేసే మీ ఇంట్లో అదే ఏడేళ్లకు 2,500 దాటాయి. మీ మెషిన్ వాళ్ల మెషిన్ కంటే రెట్టింపుకు పైగా చాకిరీ చేసింది. కాబట్టి ఇప్పుడు బేరింగులు పోవడంలో వింతేమీ లేదు. కానీ బేరింగులు పోయినంత మాత్రాన మెషిన్ పోయినట్టు కాదు.

ముందు ఆ మోత బేరింగులదేనా అని మీరే చూసుకోవచ్చు. ప్లగ్గు తీసేయండి. డ్రమ్ము ఖాళీ చేసి తలుపు తెరవండి. డ్రమ్ము పై అంచును లోపలి నుంచి పట్టుకుని పైకీ కిందికీ కదపండి. డ్రమ్ము, దాని చుట్టూ నీళ్లు నిలిపే టబ్బు, రెండూ కలిసి స్ప్రింగుల మీద ఊగితే అది మామూలే. టబ్బు కదలకుండా డ్రమ్ము ఒక్కటే లొటలొటలాడితే బేరింగులు అరిగాయని అర్థం. తర్వాత చేత్తో మెల్లగా తిప్పండి. గరగరమని రాపిడి శబ్దం వస్తే అనుమానమే లేదు. అలా కాకుండా, ఉండి ఉండి టకటకమని తగిలిన చప్పుడైతే జాకెట్టు హుక్కో, చిల్లర నాణెమో డ్రమ్ముకూ టబ్బుకూ మధ్య చిక్కుకుని ఉండొచ్చు. దానికి తొమ్మిది వేలు అక్కర్లేదు.

అసలు ఏం జరుగుతుందంటే, డ్రమ్ము ఇరుసు తిరిగే చోట బేరింగులకు ముందు ఒక రబ్బరు సీలు ఉంటుంది. నీళ్లు బేరింగుల వైపు పోకుండా ఆపేది అదే. ఏళ్ల తరబడి అరిగి, బోరు నీళ్ల తెల్లటి పొర అంచున పేరుకుని, సీలు పట్టు వదులుతుంది. సబ్బు నీళ్లు లోపలికి పోయి గ్రీజు కొట్టుకుపోతుంది, తుప్పు పడుతుంది. మోత చాలా నెలల తర్వాత వచ్చే ఆఖరి లక్షణం. అప్పుడూ పట్టించుకోకుండా వాడుతూ పోతే ఇరుసు అరుగుతుంది, డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం స్పైడర్ దెబ్బతింటుంది. బేరింగులతో పోయేది పెద్ద ఖర్చవుతుంది. అందుకే మీరింకా ఆలస్యం చేయొద్దు.

ఇక ‘టబ్బు మొత్తం మార్చాలి’ అన్న మాట సంగతి. కొన్ని మోడళ్లలో టబ్బు రెండు సగాలుగా ఉండి స్క్రూలతో బిగించి ఉంటుంది. విప్పి బేరింగులు, సీలు వేస్తే సరిపోతుంది, ఖర్చు చాలా తగ్గుతుంది. కొన్నింటిలో ఆ రెండు సగాలనూ ఫ్యాక్టరీలోనే వేడితో అతికేస్తారు. విప్పడానికి వీల్లేదు, కాబట్టి వంద రూపాయల సీలు పోయినా టబ్బు మొత్తం కొనాలి. నాకు ఈ పద్ధతి మీద చాలా కోపం. కొనేవాడికి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు, పెట్టె మీద రాయరు. మీది ఏ రకమో మెకానిక్‌ని సూటిగా అడగండి. అతికిన టబ్బును కోసి, బేరింగులు మార్చి, మళ్లీ స్క్రూలూ సిలికానూ వేసి బిగించే బయటి మెకానిక్‌లు ఉన్నారు. చేయి తిరిగిన వాళ్లైతే బాగానే నడుస్తుంది. లీకు కాదని ఆరు నెలలకైనా బిల్లు మీద రాయించుకోండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ‘కొత్తదాని ధరలో సగం దాటితే రిపేరు వద్దు’ అని చాలామంది అంటారు. నేను ఇంకోలా చూస్తాను. 32 వేల మెషిన్ పదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి రూ.3,200 పడుతుంది. మీ 9,500 రిపేరుతో పాతది ఇంకో మూడేళ్లు నడిస్తే ఏడాదికి అంతే పడింది. నాలుగేళ్లు నడిస్తే లాభం. రెండేళ్లకే మూల పడితే నష్టం. అంటే తేల్చుకోవాల్సింది ఒక్కటే: మిగతా భాగాలు మూడేళ్లు లాగుతాయా?

అది చూడటం కష్టమేం కాదు. తలుపు రబ్బరు చిరిగిందా, నల్లగా బూజు పట్టి గట్టిపడిందా? కింద బాడీ తుప్పు పట్టిందా? నీళ్లు వేడి చేసే ప్రోగ్రామ్ పెడితే తలుపు అద్దం వేడెక్కుతోందా? మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఇంతకుముందు మార్చారా? వీటిలో ఒక్కదానికి మించి తేడాగా ఉంటే కొత్తది తీసుకోండి. అన్నీ బాగుంటే రిపేరు చేయించండి. మీ ఉత్తరంలో వేరే ఫిర్యాదేమీ లేదు కాబట్టి నా మొగ్గు రిపేరు వైపే. పని మొదలుపెట్టాక స్పైడర్‌ని ఒకసారి మీ కళ్లకు చూపించమనండి. కాళ్ల మీద తెల్లటి పొడిలా తినేసిన గుంటలు కనిపిస్తే దాన్నీ అప్పుడే మార్చాలి. దాని ధర కలిపి లెక్క మళ్లీ వేసుకోండి. పాత భాగాలు మీకు ఇచ్చేసి వెళ్లమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, డబ్బిచ్చేది మీరు.

ఇంకో మాట. మెషిన్ ఆయుష్షు చాలాసార్లు స్పేర్ పార్టు దొరకని రోజున తీరిపోతుంది. యూరప్‌లో 2021 మార్చి నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం పదేళ్లు దాని ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. మన దగ్గర అలా ఇన్నేళ్లని కట్టడి చేసే చట్టం లేదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. కంపెనీలు సర్వీసు, విడిభాగాల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. పార్టు లేదని ముఖం చాటేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కొత్తది కొనాల్సి వస్తే మాత్రం ‘మోటారుకు పదేళ్ల వారంటీ’ స్టిక్కరు చూసి పడిపోకండి. వేగాన్ని ఎలక్ట్రానిక్‌గా పెంచి తగ్గించే ఇప్పటి ఇన్వర్టర్ మోటార్లు పోవడమే అరుదు. పోయేవి నీళ్లు బయటికి తోసే డ్రెయిన్ పంపు, బోర్డు, బేరింగులు, తలుపు లాక్. వాటికి ఎన్నేళ్లు, టబ్బు విప్పదగిందేనా, ఈ రెండూ అడగండి.

మా టాప్ లోడ్ కొని నాలుగేళ్లయింది. ఒకసారి బోర్డు మార్చాం, ఏడాదిన్నరకే మళ్లీ ఆన్ అవడం లేదు. మళ్లీ బోర్డే పోయిందట, రూ.5,800 అడుగుతున్నారు. ఈ మెషినే మంచిది కాదా? – విజయనగరం నుంచి ఒక పాఠకుడు

నాలుగేళ్ల మెషిన్‌ని వదిలేసుకోవద్దండీ. ఒకే ఇంట్లో రెండు బోర్డులు పోయాయంటే నా అనుమానం మెషిన్ మీద కంటే కరెంటు మీద, ఎలుకల మీద ఎక్కువ.

ఎలుకల సంగతి ముందు చూడండి. చాలా టాప్ లోడ్‌లకు అడుగున పెద్ద ఖాళీ ఉంటుంది. లోపల వెచ్చగా ఉంటుంది, చలికాలంలో, వానల్లో ఎలుకలు అక్కడే చేరతాయి. వైర్లు కొరికేస్తాయి. ఒక్క వైరు తెగినా మెషిన్ ఆన్ అవదు, తొందరలో ఉన్న మెకానిక్ బోర్డు అనేస్తాడు. మెషిన్‌ని కొద్దిగా వెనక్కి వంచి టార్చి వేసి చూడండి. కాగితం ముక్కలు, ఎలుక పెంటికలు, కొరికిన రబ్బరు కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. వైరు అతికించి, అడుగున ఇనుప జాలీ బిగిస్తే కొన్ని వందలతో పోతుంది. బోర్డు మీద బల్లి పడి షార్టయిన కేసులూ ఉంటాయి.

బోర్డే అయితే, కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వచ్చినప్పుడు దాని మీద ఉండే చిన్న రక్షణ భాగం కాలిపోతుంది. బోర్డును కాపాడటానికే అది కాలుతుంది. దాన్నీ ఫ్యూజునీ మారిస్తే చాలాసార్లు బోర్డు బతుకుతుంది. కంపెనీ సర్వీసువాళ్లు ఈ పని చేయరు, కొత్త బోర్డే వేస్తారు. టీవీ, ఏసీ బోర్డులు బాగుచేసే షాపులో చూపించండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల, మీ దగ్గరైతే విశాఖలో అలాంటివాళ్లు దొరుకుతారు.

ఏది చేయించినా దాంతో పాటు రెండు పనులు తప్పనిసరి. ఒకటి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదన్నమాట. అది బోర్డుకే కాదు, మనుషులకూ ప్రమాదం. రెండోది, ఉతకడం అయ్యాక గోడ స్విచ్చి ఆపేయండి. చాలా ఇళ్లల్లో మెషిన్ బటన్ మాత్రమే నొక్కి వదిలేస్తారు. బోర్డుకు రోజంతా కరెంటు అందుతూనే ఉంటుంది, అర్ధరాత్రి వచ్చే హెచ్చుతగ్గులన్నీ అదే భరిస్తుంది. మీ వీధిలో లైట్లు తరచూ మిణుకుమంటుంటే స్టెబిలైజర్ పెట్టండి.

అత్తయ్యగారు పదిహేనేళ్లుగా వాడుతున్న సెమీ ఆటోమేటిక్. ఉతుకుతోంది కానీ స్పిన్ తిరగడం లేదు, ‘మ్’ అని మూలుగుతోంది. మార్చేద్దామంటే ఆవిడ ఒప్పుకోవడం లేదు. – తెనాలి నుంచి ఒక పాఠకురాలు

మీ అత్తయ్యగారి మాటే సరైనది. సెమీ ఆటోమేటిక్‌లో మామూలుగా బోర్డు అంటూ ఉండదు. రెండు మోటార్లు, రెండు టైమర్లు, ఒక బెల్టు. అందుకే అవి ఇన్నేళ్లు వస్తాయి, ఏ ఊళ్లోనైనా బాగవుతాయి. మూలుగుతూ తిరగకపోవడానికి మొదటి కారణం మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ బలహీనపడటం. రెండోది, మూత ఎత్తగానే టబ్బును ఆపే బ్రేకు వైరు బిగుసుకుపోవడం. మూడోది, రుమాలో పిల్లల సాక్సో జారి టబ్బు కిందికి పోయి చుట్టుకోవడం. ఏదైనా కొన్ని వందల రూపాయల పనే. మీరు మాత్రం వెనక మూత విప్పకండి. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

కింద రేకు తుప్పుపట్టి చిల్లులు పడినా, షాక్ కొడుతున్నా అప్పుడు మాత్రం అత్తయ్యగారికి నచ్చజెప్పండి. తీసుకెళ్లేవాళ్లకు బండి మీద పాత ఇనుములా ఇచ్చేయకుండా కొత్తది కొన్నచోట ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో వాషింగ్ మెషిన్లూ ఉన్నాయి, వాటిని సరిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది.

నీళ్లు బయటికి పోకుండా మధ్యలో ఆగిపోతోంది. ఫ్రంట్ లోడ్, రెండేళ్లే అయింది. – కూకట్‌పల్లి, హైదరాబాద్

ముందు భాగంలో కింద మూల డ్రెయిన్ పంపు ఫిల్టరుకు ఒక చిన్న మూత ఉంటుంది. పళ్లెం పెట్టి, దాన్ని మెల్లగా తిప్పి తీయండి. నీళ్లు, వాటి వెనకే పిన్నీసులు, రూపాయి బిళ్లలు, జుట్టు, చెవి కమ్మ శీల, ఏవో ఒకటి వస్తాయి. కడిగి గట్టిగా బిగించండి. నెలకోసారి ఇది చేస్తే పంపు త్వరగా పోదు.

డల్లాస్ నుంచి పిల్లలతో హైదరాబాద్ వచ్చేస్తున్నాం. కంటైనర్‌లో చోటుంది. మూడేళ్లే వాడిన వాషర్, డ్రయర్ తెచ్చుకోవచ్చా?

వద్దండీ, అక్కడే అమ్మేయండి. అక్కడ వాషర్‌కి వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది గానీ హెర్ట్జ్, అంటే సెకనుకు కరెంటు ఆవృత్తులు, మారదు. పాత రకం మోటారైతే నెమ్మదిగా తిరిగి వేడెక్కుతుంది. ఇన్వర్టర్ మోటారుదైతే నడవచ్చు, కానీ పంపు, వాల్వులు అక్కడి కరెంటుకే చేసినవి. పైగా అక్కడి చాలా మెషిన్లలో నీళ్లు వేడిచేసే హీటర్ ఉండదు, గీజర్ నుంచి వేడినీళ్ల పైపు వేరుగా ఇవ్వాలి. అన్నిటికీ మించి, ఆ మోడల్‌కి ఇక్కడ విడిభాగం దొరకదు. మూడేళ్ల మెషిన్‌కి మొదటి రిపేరే ఆఖరిదవుతుంది.

ఇక్కడ కొత్త ఫ్రంట్ లోడ్ కొన్నాక బిగించే అబ్బాయి వెనకున్న ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించేవి) తీశాడో లేదో దగ్గరుండి చూడండి. అవి ఉండగా స్పిన్ వేస్తే మెషిన్ మొదటి రోజే దెబ్బతింటుంది. తీసిన బోల్టులు పారేయకుండా దాచండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాలి. హీటర్ ఉన్నది కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్ ముందే పెట్టించుకోండి.