పద్నాలుగు వేల జీతమా, అప్రెంటిస్ శిక్షణా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఐటీఐలో ఫిట్టరు ట్రేడు రెండేళ్ల కోర్సు పూర్తిచేశాడు. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో కాంట్రాక్టరు ద్వారా నెలకు 14 వేల జీతం ఇప్పిస్తామంటున్నారు. వాడి మేనమామ మాత్రం రైల్వేలో అప్రెంటిస్‌గా చేరమంటున్నాడు. అందులో వచ్చేది సగమేనట, పైగా ఏడాది కాగానే ఇంటికి పంపేస్తారట. వాన మీద ఆధారపడిన వేరుశనగ సేద్యం మాది. పిల్లవాడికి ఏడాది వృథా అయితే తట్టుకోలేము. ఏది మేలో దయచేసి తెలపగలరు.
– ఒక తండ్రి, గుత్తి

జవాబు: అయ్యా, మీరు విన్నది చాలావరకు నిజమే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ ఉద్యోగి కాడు, శిక్షణ పొందే వ్యక్తి మాత్రమే. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, శిక్షణ ముగిశాక అతనికి ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి ఉండదు. భృతి సంగతి కూడా అంతే. 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ పూర్తిచేసినవారికి నెలకు కనీసం 7 వేల రూపాయలు నిర్ణయించాయి. ఇస్తున్నది ఎంతన్నది చేరబోయే సంస్థ ప్రకటనలో చూసుకోవాలి.

అయినా మీ బావమరిది మాటను తోసిపుచ్చవద్దు. రైల్వే అప్రెంటిస్ ఎంపికకు రాతపరీక్ష లేదు. పదో తరగతి మార్కులనూ ఐటీఐ మార్కులనూ కలిపి చూసి జాబితా తయారుచేస్తారు. పదో తరగతిలో కనీసం 50 శాతం మార్కులు రావాలి, వయసు 15 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి (రిజర్వేషన్ వర్గాలకు వయసులో సడలింపు ఉంటుంది). శిక్షణ చివర జరిగే పరీక్షలో ఉత్తీర్ణుడైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. అసలు విలువ దానిదే. రైల్వేలో అన్నిటికన్నా కింది స్థాయి అయిన లెవెల్-1 ఖాళీలలో 20 శాతం, రైల్వే సంస్థల్లో ఈ శిక్షణ పూర్తిచేసినవారికే కేటాయించారు. రాతపరీక్ష అక్కడ తప్పదు కానీ, పోటీపడేది లక్షలాది పదో తరగతి అభ్యర్థులందరితో కాదు, తనలా శిక్షణ పొందినవారితోనే. ఆ 20 శాతం మాట మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. గుంతకల్లు డివిజనుకు చెందిన లోకో షెడ్డు మీ గుత్తిలోనే ఉంది. మీ అబ్బాయికి అక్కడే చోటు దొరుకుతుందని ముందుగా చెప్పలేము కానీ, దొరికితే ఇంటి తిండి తింటూ నేర్చుకోవచ్చు. ఆర్టీసీ కూడా అనంతపురం సహా కొన్ని రాయలసీమ జిల్లాల ఐటీఐ విద్యార్థులను కర్నూలు జోను ద్వారా అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది కనుక ఆ ప్రకటనలూ గమనిస్తూ ఉండండి.

ఇక పెనుకొండ సంగతి. ఎర్రమంచి వద్ద కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత చుట్టుపక్కల విడిభాగాల పరిశ్రమలు వెలిశాయి, మన పిల్లలు బెంగళూరు దాకా పోనక్కర లేకుండా కొంత పని దొరుకుతోంది. అందుకని కాంట్రాక్టు పని అనగానే చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. అయితే 14 వేలన్నది చేతికి వచ్చే మొత్తమా, కోతలకు ముందు మొత్తమా అని మొదటే అడగండి. మూలవేతనం, కరవుభత్యం కలిపి 12 వేలుగా చూపితే భవిష్యనిధికి 12 శాతం చొప్పున 1,440 రూపాయలు, మొత్తం జీతం మీద ఈఎస్ఐకి 0.75 శాతం చొప్పున 105 రూపాయలు పోయి, 12,455 మిగులుతాయి. గుత్తి నుంచి రోజూ వెళ్లివచ్చే దూరం కాదు కాబట్టి గది అద్దె, మెస్సు ఖర్చు అందులోంచే రావాలి. ఆ కోతలను నష్టమనుకోవద్దు. ఈఎస్ఐ వల్ల అతనికీ, అతని మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం అందుతుంది, భవిష్యనిధి ఖాతా సంఖ్య ఉద్యోగం మారినా వెంట వస్తుంది. కోతే లేదని కాంట్రాక్టరు గొప్పగా చెబితే అప్పుడు అనుమానించాలి. వేతన చీటీ ఇస్తారా, అందులో కాంట్రాక్టు సంస్థ పేరు ఉంటుందా, అదనపు గంటలకు రెట్టింపు కడతారా అన్నవి కూడా చేరకముందే తేల్చుకోండి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జీతం కాదు, పని. ఇలాంటి చోట్ల కొత్త కుర్రవాడికి తరచుగా దక్కేది ఒకే పని: వచ్చిన భాగాన్ని జిగ్‌లో బిగించడం, మీట నొక్కడం, తీసి ట్రేలో పెట్టడం. రెండేళ్లు ఆకురాయి పట్టి, వెర్నియర్‌తో కొలిచి, డ్రాయింగు చదవడం నేర్చుకున్న చెయ్యి ఏడాదిలోనే ఆ అలవాటు పోగొట్టుకుంటుంది. అందువల్ల పదో తరగతిలోనూ ఐటీఐలోనూ మంచి మార్కులు ఉంటే నా ఓటు మేనమామకే. మార్కులు అంతంతమాత్రమైతే, లేదా ఇంటి అప్పు వడ్డీ ఆగదనుకుంటే, పెనుకొండకే పంపండి. ఎలాగూ రైల్వే ప్రకటన ఎప్పుడు వస్తుందన్నది మన చేతిలో లేదు కాబట్టి, అది వచ్చేదాకా ఆ పనిలో ఉంటూ, రాగానే దరఖాస్తు చేసి, ఎంపికైతే అప్పుడు మానుకోవచ్చు. కాంట్రాక్టరు మానుకోవడానికి వీల్లేదని బాండు అడిగితే మాత్రం సంతకం పెట్టనివ్వకండి.

ప్రశ్న: నేను బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. శిక్షణ ఇచ్చి ఉద్యోగం కూడా ఇస్తామని ఒక సంస్థ 25 వేల డిపాజిటు, అసలు సర్టిఫికెట్లు అడుగుతోంది. ఇవ్వవచ్చా?
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: రెండూ ఇవ్వవద్దు, అమ్మా. జీతమిచ్చి పనిచేయించుకోదలచిన సంస్థ మీ దగ్గర డబ్బు తీసుకోదు. అసలు సర్టిఫికెట్లు పరిశీలనకు చూపి, వెంటనే వెనక్కి తీసుకుని, ధ్రువీకరించిన నకళ్లు మాత్రమే ఇవ్వాలి. ఇంజనీరింగు చదవని పట్టభద్రులు కూడా అప్రెంటిస్‌లుగా చేరవచ్చునన్న సంగతి మన కళాశాలల్లో చాలామందికి తెలియదు. పట్టభద్రులకు పైన చెప్పిన 2019 నిబంధనలు నెలకు కనీసం 9 వేల రూపాయలు నిర్ణయించాయి. కేంద్ర ప్రభుత్వ జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవడానికి రుసుము ఉండదు. డిగ్రీలో భాగంగా మీరు చేసిన ఇంటర్న్‌షిప్ నివేదిక, ఆ సంస్థవారు ఇచ్చిన ధ్రువపత్రం కళాశాలలో సమర్పించేముందు ఒక్కొక్క నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది వాటి గురించే కావచ్చు.