కూడలి దగ్గర చూపు ఆపు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు కారు కొన్నావని, సోమవారం నుంచి రోజూ కడప నుంచి రాయచోటికి వెళ్లి వస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. గువ్వలచెరువు ఘాట్‌లో ఏ గేరులో దిగాలో, ఏ మలుపులో హారన్ కొట్టాలో చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నేను చెప్పేది కూడలి దగ్గర చూపు గురించి. 29 ఏళ్లు బస్సు నడిపాను, అందులో మొదటి 11 ఏళ్లు తప్పుగా చూశాను.

ఒకరోజు పొద్దున్నే ఘాట్ పక్క పల్లె దారి నుంచి మెయిన్ రోడ్డు ఎక్కుతున్నాను. కుడికి చూశాను, ఎడమకు చూశాను, రోడ్డు ఖాళీ. క్లచ్ వదలగానే ముందు సీటులోని ముసలమ్మ "నాయనా!" అని అరిచింది. బంపరుకు జానెడు దూరంలో ఒక మోటారు సైకిలు, రెండు పక్కలా పాల క్యాన్లు. కోవా చేసేవాళ్లకు పాలు తీసుకెళ్తున్నాడు. మనిషి పడలేదు కానీ ఒక క్యాన్ మూత ఊడి, పాలు నా చక్రం కిందికి పారాయి. "కళ్లు లేవా?" అన్నాడు. ఉన్నాయి, తెరిచే ఉన్నాయి, అటు తిప్పాను కూడా. అదే నన్ను చాలాకాలం పీడించింది.

తర్వాత కంటి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె చేతికి అద్దం ఇచ్చి, "మీ ఎడమ కన్ను చూడండి, ఇప్పుడు కుడి కన్ను చూడండి. గుడ్లు కదలడం కనిపించిందా?" అంది. ఎన్నిసార్లు చూసినా నాకు కనిపించలేదు, పక్కనున్న నర్సుకు మాత్రం చక్కగా కనిపించింది. ఎర్డ్‌మన్, డాడ్జ్ అనేవాళ్లు 1898లోనే జర్మనీలో దీని గురించి రాశారట. నువ్వూ చేసి చూడు. ఫోను సెల్ఫీలో వద్దు, అది బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి కదలిక దొరికిపోతుంది.

అటూ ఇటూ చూసేటప్పుడు కన్ను నున్నగా జారదు, సెకనుకు మూడు సార్ల దాకా గెంతుతుంది. గెంతేటప్పుడు లోకమంతా అలుక్కుపోయినట్టు కనిపించాలి. మెదడు ఆ ముక్కను అణిచేసి, కన్ను ఆగిన చోట కనిపించిన బొమ్మతో సందు పూడ్చేస్తుంది. గోడ గడియారం వైపు చటుక్కున చూస్తే సెకన్ల ముల్లు మొదటిసారి కాస్త ఎక్కువసేపు ఆగినట్టు అనిపిస్తుంది కదా, అది ఈ పూడ్పు పనే. పైగా చూపు పదునుగా ఉండేది చేయి చాచితే బొటనవేలి గోరు ఆనేంత మేరకే. నేను ఆ రోజు తల గిర్రున తిప్పినప్పుడు కన్ను రెండు మూడు చోట్ల ఆగి ఉంటుంది. పాలవాడు ఆ చోట్ల మధ్యన ఉన్నాడు. సందు ఉందని కూడా మెదడు నాకు చెప్పలేదు, రోడ్డంతా చూశాననే అనుకున్నాను.

కాబట్టి బండి పూర్తిగా ఆపు. కుడివైపు దూరాన ఒక చెట్టు మీదో మైలురాయి మీదో చూపు నిలుపు, మనసులో "ఒకటి" అనుకునేంతసేపు. తర్వాత సగం దూరంలో, ఆపైన దగ్గర్లో. ఎడమకూ అంతే. మళ్లీ కుడికి చూడు, ఈసారి వేరే చోట్ల ఆగు. వెనక లారీవాడు హారన్ కొడితే కొట్టనీ. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా వచ్చేస్తుంది.

ఇంకొకటి. నిన్ను ఢీకొనే దారిలో వస్తున్న బండి ముందు అద్దంలోంచి చూస్తే పక్కకు జరగదు, ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది. కదలికను పట్టే కంటి అంచుకు అదీ చెట్టూ ఒకటే. ముందు అద్దం పక్క కమ్మీ వెనక పడిందంటే ఇక అసలే కనపడదు. అందుకే మెడ ముందుకూ వెనక్కూ ఊపి చూడు. కొత్త కారులో అలా ఊగితే పక్కవాళ్లు నవ్వుతారు, నా కండక్టరూ నవ్వేవాడు.

ఆదివారం కడప వస్తున్నాను. రాయచోటి దాకా నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుని రోడ్డును చూడను, కూడలి వచ్చినప్పుడు నీ తల ఎన్నిచోట్ల ఆగుతుందో లెక్కపెడతాను.

ఆశీస్సులతో,
మీ మామ