ఏఎన్‌ఎస్ మందులు, నొప్పి మందులు కలగాపులగం అయిపోతున్నాయా?

చెల్లెమ్మా, బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాదిలో ఏఎన్‌ఎస్ (అటానమిక్ నర్వస్ సిస్టమ్, అంటే గుండె, పేగులు, చెమట లాంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే నరాల వ్యవస్థ) డ్రగ్స్, పెయిన్ కిల్లర్స్ ఎంత చదివినా పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి కలిసిపోతున్నాయని అడిగావు. నేను చదివిందీ, స్టాఫ్ నర్సుగా చేస్తున్నదీ విశాఖలోనే. టేబుళ్లు బట్టీ పట్టడం నావల్ల ఎప్పుడూ కాలేదు. మందు పేరు పక్కన ఇచ్చేముందు పేషెంట్‌లో ఏం చూడాలి, ఇచ్చాక ఏం చూడాలి అని రెండే రాసుకునేదాన్ని. ఇప్పటికీ గుర్తున్నవి అవే.

అట్రోపిన్‌తో మొదలుపెట్టు. ఆ ఒక్క మందు పారాసింపథెటిక్ (ఏఎన్‌ఎస్‌లో ఒళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు పనిచేసే భాగం) పాఠం సగం చెప్పేస్తుంది. ఏజెన్సీ నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి పురుగుల మందు తాగినవాళ్లను విశాఖ కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆస్పత్రికి) తెస్తుంటారు. అక్కడ పోస్టింగ్ పడితే మంచం దగ్గరే నిలబడి చూడు. ఇలాంటి పురుగుల మందుల్లో ఉండే ఆర్గనోఫాస్ఫేట్, ఎసిటైల్‌కోలిన్‌ను (నరాల సంకేతాలు మోసే రసాయనం) విరగ్గొట్టే ఎంజైమును పనిచేయనివ్వదు. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోటెంట నురగ, కన్నీళ్లు, చెమట, విరేచనాలు, సూదిమొనంత కంటిపాపలు, ఛాతీలో గురగుర. అట్రోపిన్ మస్కరినిక్ రిసెప్టర్లను (గ్రంథులు, గుండె, పేగుల్లో ఎసిటైల్‌కోలిన్ అతుక్కునే చోట్లు) అడ్డుకుంటుంది కాబట్టి ఇవన్నీ తగ్గుముఖం పడతాయి. మన దగ్గర యాంపుల్ 0.6 మి.గ్రా. పెద్దవాళ్లకు సాధారణంగా 3 నుంచి 5 యాంపుల్స్‌తో మొదలుపెట్టి, 5 నిమిషాలకోసారి చూస్తూ, చాలకపోతే డోసు రెట్టింపు చేయిస్తారు డాక్టర్లు.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది? ఊపిరితిత్తుల్లో శబ్దం పోవాలి, నాడి, సిస్టోలిక్ బీపీ (బీపీలో పై అంకె) రెండూ 80 దాటాలి, చంకలు పొడిబారాలి. కంటిపాప ఆలస్యంగా మారుతుంది, దానికోసం ఎదురుచూడకూడదు. మే నెల ఉక్కపోతలో వార్డులో మనం, అటెండెంట్లు అందరం తడిసి ముద్దవుతుంటే ఆ పేషెంట్ చంకలో చెయ్యి పెడితే పొడిగా ఉంటుంది. అది చూశాక ఇక పుస్తకం తెరవక్కర్లేదు. అదే ఒళ్లు కాలిపోతూ, దుప్పటి పీకుతూ, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడిస్తుంటే, కడుపులో పేగుల చప్పుడు లేకపోతే, అట్రోపిన్ ఎక్కువైంది. వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. అట్రోపిన్ నికోటినిక్ రిసెప్టర్ల (కండరాల మీద ఎసిటైల్‌కోలిన్ అతుక్కునేవి) జోలికి పోదు, అంటే కండరాల నీరసాన్ని సరిచేయదు. ఛాతీ బాగుపడిందని సంబరపడే రెండు మూడు రోజుల్లోనే ఊపిరి కండరాలు చేతులెత్తేయొచ్చు. అందుకే ప్రతి రౌండ్‌లో "తల దిండు మీంచి లేపమ్మా" అని అడుగుతాం. లేపలేకపోతే వెంటిలేటర్ అవసరం రావచ్చని అర్థం.

సింపథెటిక్ (ఏఎన్‌ఎస్‌లో కంగారు, పరుగు వేళ పనిచేసే భాగం) వైపు ఇంత కష్టం లేదు. బీటా 1 రిసెప్టర్లు గుండెకి, బీటా 2 ఊపిరితిత్తులకి. బీటా 1ని అడ్డుకునే మెటోప్రొలాల్ ఇచ్చేముందు నాడి, బీపీ చూడు. నాడి 60 కంటే తక్కువుంటే ఇవ్వకుండా ఆపి చెప్పు. ప్రొప్రనొలాల్ రెండింటినీ అడ్డుకుంటుంది కాబట్టి ఆస్తమా ఉందా అని అడగకుండా ఇవ్వకు. బీటా 2ని పనిచేయించే సాల్బుటమాల్ నెబులైజేషన్ తర్వాత చేతులు వణుకుతున్నాయి, గుండె దడ అంటే కంగారు పడకు, ఆ మందు గుణమే అది. అయినా నాడి చూసి రాయి.

ఇక నొప్పి మందుల్లో మార్ఫిన్. దీనికీ కంటిపాపలు సూదిమొనల్లాగే అవుతాయి, నీకు పరీక్షలో కలిసిపోయేది ఇక్కడేననుకుంటా. తేడా తడిలో ఉంది: పురుగుల మందు కేసు కారిపోతూ ఉంటుంది, మార్ఫిన్ ఎక్కువైనవాళ్లు పొడిగా, మత్తుగా, నెమ్మదిగా ఊపిరి తీస్తూ ఉంటారు. మోతాదు ముందు ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టు, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఈ మందుకి పనికిరాదు. సాధారణంగా ఊపిరి తగ్గకముందే మత్తు పెరుగుతుంది. పిలిస్తే పలికే తీరు మారిందంటే అప్పుడే జాగ్రత్తపడాలి. మార్ఫిన్‌కి విరుగుడు నలోక్సోన్ ఇస్తే లేచి కూర్చుంటారు గానీ, దాని ప్రభావం మార్ఫిన్ కంటే ముందే దిగిపోతుంది. కాబట్టి లేచారు కదా అని మంచం వదిలి వెళ్లకూడదు. మలబద్ధకం, మూత్రం ఆగడం రెండూ మార్ఫిన్‌తోనూ వస్తాయి, అట్రోపిన్‌తోనూ వస్తాయి. అట్రోపిన్‌కి మాత్రం కంటిపాప పెద్దదవుతుంది.

ట్రమడాల్ ఇచ్చేముందు ఫిట్స్ చరిత్ర అడుగు, డిప్రెషన్ మాత్రలు వాడుతున్నారా అని కూడా. డైక్లోఫెనాక్‌కైతే కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నాయా అని అడుగు. పారాసెటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. ఆరు డోలో 650లు వేస్తేనే 3.9 గ్రాములు. ఆ పైన జలుబు మాత్రలో ఉన్నదీ కలుస్తుంది, అందుకే ఇంటి దగ్గర ఏం వేసుకున్నారో అటెండెంట్‌ని అడిగి కేస్ షీట్‌లో రాస్తాం.